చేతులు ఖాళీ

స్టాప్‌వాచీ చేతిలో ఉన్నవాడికి లోకంలో సగంమంది బద్ధకస్తుల్లాగే కనిపిస్తారు. గడియారం మావయ్యకి ముప్పై ఒక్క ఏళ్ళుగా అలాగే కనిపిస్తున్నారు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో కాలరుకి ఎన్ని సెకన్లు, జేబుకి ఎన్ని సెకన్లు అని చూసీ చూసీ ఆయన కళ్ళు మనుషుల మొహాలు చూడ్డం మరిచిపోయాయి. ఎదురింటాయన పలకరించినా ముందు చేతుల వంక చూసి, ఆనవాలు పట్టాకే మొహం దాకా వచ్చేవాడు. ఒకసారి కిక్కిరిసిన బస్సులో పై కడ్డీ పట్టుకున్న చెయ్యి ఒక్కటే చూసి, "మీరు నాలుగో వరసలో జేబులు కుట్టేవారు కదూ?" అన్నాడట. ఆ చేతి తాలూకు మనిషి బస్సు దిగేదాకా తెరిచిన నోరు మూయలేదట. చెప్పినవాళ్ళు కాస్త పెంచి చెప్పారేమో గానీ, మొత్తం కల్పించేంత తెలివి వాళ్ళకి లేదు.

అలాంటి మనిషిని ఓ సోమవారం పొద్దున కంప్యూటర్ల ఆఫీసుకి పంపారు. ఆ ఆఫీసు కూడా ఫ్యాక్టరీ యజమానులదే. ఊళ్ళో ఏ వీధికి ఎన్ని గంటలకి నీళ్ళు వదలాలో, ఏ వాల్వు ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూయాలో చెప్పే ప్రోగ్రాములు అక్కడ రాస్తారు. నాలుగో అంతస్తు. లిఫ్టు ఉంది గానీ, మావయ్య మెట్లే ఎక్కాడు. ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకున్నాడు కూడా.

"పని చాలా సులువు మాస్టారూ," అన్నాడు మేనేజరు. ముప్పై అయిదు దాటని మనిషి. మాట్లాడుతున్నంతసేపూ ఎవరో వెనకనించి తరుముతున్నట్టు కుర్చీ అంచునే కూర్చున్నాడు. "నెల్రోజులుగా అందరి కంప్యూటర్లలోనూ లెక్కల మెషీను పెట్టాం. మెషీనంటే అదీ ఓ ప్రోగ్రామే లెండి. మౌసు ఎన్నిసార్లు కదిలింది, ఎన్నిసార్లు నొక్కారు, అన్నీ రాసుకుంటుంది. ఎవరు పని చేస్తున్నారో, ఎవరు కునుకు తీస్తున్నారో ఇట్టే తెలిసిపోతుంది."

"మరి టైపు కొట్టేదో?"

"అది లెక్కలోకి రాదు. టైపు కొడుతూ జనం కబుర్లు రాసుకుంటారు కదా! అందుకని తయారుచేసినవాళ్ళు దాన్ని వదిలేశారు. గట్టివాళ్ళు." మేనేజరు ఓ కాగితం ముందుకు తోశాడు. "అట్టడుగున ఏడు పేర్లు. వీళ్ళని ఇంటికి పంపే ముందు, మనిషి కళ్ళతో చూసి రాసిన కాగితం ఒకటి ఉండాలని పైవాళ్ళ రూలు. మొదటి పేరు ఈవిడ. నెల మొత్తం మీద మౌసు నొక్కింది సున్నా. సున్నా మాస్టారూ! పోయినవాడైనా పొరపాటున ఒకసారి నొక్కుతాడు."

మావయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎన్నాళ్ళు చూడమంటారు?"

"మూడు రోజులు. గురువారం పొద్దున ఓ పేజీ రాసివ్వండి చాలు."

ఆ మొదటి పేరుగల ఆవిడ కిటికీ పక్కన మూల కుర్చీలో ఉంది. యాభై నాలుగేళ్ళ మనిషి. ఆఫీసులో పెద్దా చిన్నా అందరూ ఆవిణ్ణి పెద్దక్క అంటారు. చుట్టుపక్కలవాళ్ళ కంప్యూటర్లలో రంగురంగుల బొమ్మలు, బొత్తాలు, గళ్ళు. పెద్దక్క కంప్యూటరులో నల్లటి పలక మీద అక్షరాలు తప్ప ఇంకేం లేదు. కీబోర్డు మీద అయితే అవీ లేవు. ఇరవై రెండేళ్ళు వేళ్ళు తగిలి తగిలి అరిగిపోయి, గులకరాళ్ళు పేర్చినట్టు నున్నగా ఉంది.

"రండి అన్నయ్యా. మీరొస్తారని చెప్పారు. నన్ను ఇంటికి పంపడానికే కదా?" అంది, తల తిప్పకుండానే.

"నేనెవర్నీ పంపనమ్మా. చూసింది రాస్తాను, అంతే."

"అయితే బాగా కనపడేచోట కూర్చోండి. ఆ కుర్చీకి ఎడమ కాలు పొట్టి. కుడివైపుకి ఆనుకోండి, పడరు."

మావయ్య కుడివైపుకి ఆనుకుని, గీతలు గీసిన నోట్‌బుక్ తెరిచాడు. ఎన్ని గంటలకి, చెయ్యి ఏం చేసింది, ఎంతసేపు: మూడే గడులు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ గడుల్లో రాసినదాన్ని ఒక్కసారీ కొట్టేసి ఎరగడు. స్టాప్‌వాచీ నొక్కాడు. క్లిక్.

గంట గడిచేసరికి ఆయన కుర్చీ కాలు సంగతి మరిచిపోయి ముందుకి వంగాడు. ఆ చేతులు పరిగెత్తడం లేదు. పరిగెత్తే చేతుల్ని ఆయన బోలెడు చూశాడు. అవి పొద్దున గుర్రాల్లా దౌడు తీసి, సాయంత్రానికి చొక్కాకి మూడో చెయ్యి కుడతాయి. ఇవి ఎంత కదలాలో అంతే కదులుతున్నాయి. మణికట్లు బల్ల మీంచి లేవవు. రెండు వేళ్ళు ఎక్కడో తాకుతాయి, ఎదురుగా పేజీ మారిపోతుంది. మరో వేలు తాకుతుంది, వంద వరసల అవతల ఉన్న మాట వచ్చి కళ్ళముందు నిలబడుతుంది. వీధుల పేర్లు, వాల్వుల నంబర్లు, వేళలు, అన్నీ పిలిస్తే పలికేవాళ్ళలా వస్తున్నాయి, పోతున్నాయి. వెతుక్కోవడం లేదు, తడుముకోవడం లేదు, ఒక చోటినించి చెయ్యి తీసి ఇంకోచోట పెట్టడం లేదు. ఫ్యాక్టరీ అంతటికీ ఇలాంటి చేతులు ఒక్క జత ఉండుంటే తన ఉద్యోగం ఏనాడో ఊడేదని ఆయనకి అనిపించింది.

"మౌసేదమ్మా?"

పెద్దక్క సొరుగు లాగింది. తీగ చుట్టుకుని, రబ్బరు బ్యాండు వేసుకుని మౌసు ఓ మూల ఉంది. "పడుకుంది. లేపమంటారా?"

"అక్కర్లేదు గానీ... మీ కుడి చిటికెన వేలు పొద్దుట్నించీ పని చెయ్యడం లేదేం?"

మొదటిసారి ఆవిడ తల తిప్పి ఆయన వంక చూసింది. "ఇరవై రెండేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదన్నయ్యా. మెట్ల మీద పడ్డప్పుడు దెబ్బతింది. దానికి రిటైర్మెంటిచ్చేశాను. అది నొక్కే కీల పనంతా బొటనవేలికి అప్పజెప్పాను."

"అలా అప్పజెప్పొచ్చా?"

"అదే కదా దీని గొప్ప! దీన్ని ఎడిటరంటారు. ప్రోగ్రాములు రాసుకునే పలక అనుకోండి. అందరి పలకలూ కొన్నప్పుడు ఎలా ఉన్నాయో పాతబడేదాకా అలాగే ఉంటాయి. ఇది మాత్రం ఏ కీ నొక్కితే ఏం జరగాలో, ఏ మాట ఏ రంగులో కనపడాలో, మనం ఏం చెప్తే అలా మారుతుంది. నేను రోజూ ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాను."

"వింటుందా?"

"ఇంట్లోవాళ్ళకన్నా నయం."

పక్క కుర్చీలోంచి ఎవరో ఫక్కుమన్నారు. ఆ కుర్చీ టకటకది. పేరు ఏదైతేనేం, అందరూ పిలిచేది అదే. ఫోన్లో మాట్లాడినా, టీ తాగినా, కుడిచేత్తో మౌసు టకటకా నొక్కుతూనే ఉంటాడు, పిల్లలు గోళ్ళు కొరికినట్టు. ఆ అలవాటు పుణ్యాన లెక్కల మెషీను జాబితాలో ఆఫీసు మొత్తానికి మొదటి ర్యాంకు ఆయనదే. ఆ ర్యాంకు వచ్చినప్పటినించీ ఆయన పెద్దక్క కళ్ళలోకి సూటిగా చూడలేకపోతున్నాడు.

"పెద్దక్కా, చెప్తే వినరేం?" అన్నాడు టకటక గొంతు తగ్గించి. "మీ ఎడిటరుకి రెండు లైన్లు రాసిపెడితే మౌసుని అదే కదుపుతుంది. ఏడు నిమిషాల్లో మీ పేరు జాబితాలోంచి మాయం."

"అబద్ధమాడ్డం దానికి నేర్పితే, రేపు నాతో కూడా ఆడుతుంది. నీ పని చూసుకో నాయనా."

ఆవిడ ఆ మాట అన్నందుకు మావయ్యకి ముచ్చటేసింది గానీ, అది రాయడానికి గడి లేదు.

మధ్యాహ్నం ఆవిడ తన సెట్టింగుల ఫైలు తెరిచి చూపించింది. ఎడిటరుకి చెప్పిన మాటలన్నీ అందులో వరసగా ఉన్నాయి. ప్రతిదానికీ పైన ఓ తారీఖు, ఎందుకు చెప్పిందో ఓ ముక్క. మావయ్య కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

"చిటికెన వేలు పోయింది. బొటనవేలు చూసుకోవాలి."

"ఇదే తప్పు మూడోసారి. ఇకనించి ఈ మాట పసుపు రంగులో కనపడాలి."

"కళ్ళజోడు మారింది. అక్షరాలు ఒక మెట్టు పెద్దవి."

"శుక్రవారం సాయంత్రం ఏది పంపబోయినా రెండుసార్లు అడుగు. ఇంటికెళ్ళే తొందర్లో ఉంటాను."

"మూసే వేళ లేని వాల్వు కనిపిస్తే గట్టిగా గంట కొట్టి ఆగు. నన్ను అడక్కుండా ముట్టుకోకు."

"ఇదెందుకమ్మా?"

"కొన్ని వాల్వులు ఎప్పటికీ మూయకూడదన్నయ్యా. అవి తక్కువ. తక్కువ కాబట్టే అందరూ మరిచిపోతారు."

ఇరవై రెండేళ్ళ ఫైలు అది. మామూలుగా మనిషి తప్పు చేస్తే నాలిక కరుచుకుని మరిచిపోతాడు. ఈవిడ చేసిన ప్రతి తప్పుకీ పక్కనే ఒక కాపలా మనిషిని నిలబెట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు వాళ్ళు ఓ చిన్న సైన్యం అంత ఉన్నారు, జీతం అడక్కుండా, టీ అడక్కుండా. మావయ్య ఫైలు చివరిదాకా చదవాలనుకున్నాడు గానీ, చూడాల్సింది చేతులని గుర్తొచ్చి మళ్ళీ వాచీ నొక్కాడు.

అప్పుడే ఓ చిత్రం కనిపెట్టాడు. తను వాచీ నొక్కినప్పుడల్లా ఆవిడ ఎడమ బొటనవేలు మూలనున్న ఓ కీని తాకుతోంది. క్లిక్ అంటే టక్. మళ్ళీ క్లిక్, మళ్ళీ టక్. నోట్‌బుక్‌లో రాశాడు: "ఎడమ బొటనవేలు, మూల కీ. కారణం తెలియదు."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య కుట్టు మిషను ముందుంది. ఆ మిషను ముందు ఇంకొకళ్ళు కూర్చుంటే సూది వేలికి గుచ్చుకుంటుంది. పెడలుకి ఎడమవైపు మాత్రం పాత దుప్పటి ముక్క చుట్టి ఉంటుంది. సూదులు జారకుండా ఓ అయస్కాంతం ముక్క అంటించి ఉంటుంది. కత్తెర, వంగి తీసుకునే పని లేకుండా, మోకాలి దగ్గర నాడాకి వేలాడుతుంది. ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్నవే. ఆ రోజు మొదటిసారి చూసినట్టు నిలబడి చూశాడు.

"ఏంటండీ అలా చూస్తున్నారు? ఇక్కడ కూడా సెకన్లు లెక్కపెడతారా?"

"ఆ నాడా ఎప్పుడు కట్టావే?"

"మీ చెల్లెలి పెళ్ళప్పుడు నడుం పట్టేసింది కదా, అప్పుడు. మీకేం తెలుస్తుంది, మీరు నా చేతులు తప్ప నన్నెప్పుడు చూశారు గనక!" దారం కొరికి, ఆవిడ కళ్ళెత్తింది. "ఇవాళ ఎవర్ని పట్టుకున్నారు?"

చెప్పాడు. మూల కుర్చీ, నల్లటి పలక, రిటైరైన చిటికెన వేలు. ఆవిడ మిషను ఆపి మరీ వింది.

"మీ ఫ్యాక్టరీ గుండీల పిన్నిక్కూడా ఇలాగే రాశారు, ‘చేతులు ఖాళీ’ అని. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు చికిలిస్తోందని రాయలేదు. ఆ కాగితంతోనే ఆవిడ ఉద్యోగం పోయింది."

"అది పాత సంగతి."

"మీకు పాతది. పిన్ని రెండు వీధుల అవతలే ఉంటుంది. నాకు రోజూ కొత్తదే."

మావయ్య కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళాడు.

మంగళవారం పొద్దున నీళ్ళ శాఖ నించి ఉత్తర్వు వచ్చింది. వీధుల నంబర్లన్నీ మారిపోయాయి. వేసవి వేళలు కూడా వీధి వీధికీ కొత్తగా రాయాలి. ప్రతి వాల్వుకీ మూసే వేళ తప్పకుండా ఉండాలి. వీధికో ఫైలు, మొత్తం నాలుగు వందల పన్నెండు. బుధవారం నించే అమలు. మేనేజరు ఆ కట్ట తీసుకొచ్చి, మొదటి ర్యాంకు మనిషి కదా అని, టకటక బల్ల మీద పెట్టాడు. టకటక రెండు ఫైళ్ళు మార్చాడు; మౌసుతో పట్టుకుని, గీసి, అక్కణ్ణించి లాగి, ఇక్కడ వదిలి. వేళ్ళమీద లెక్క వేసుకుని మొహం వేలాడేశాడు.

"పెద్దక్కా, ఇది మూడు రోజుల పని. మీరైతే సాయంత్రానికి..."

"ఇలా తే."

మావయ్య వాచీ నొక్కాడు. బొటనవేలు టక్‌మంది.

ఆవిడ మొదటి ఫైలు మాత్రం చేత్తో మార్చింది. అయితే ముందు ఎడిటరుకి ‘చూస్తూ ఉండు’ అన్నట్టు ఓ కీ నొక్కింది. ఆ తరువాత చేసిన ప్రతి కదలికా అది గుర్తుపెట్టుకుంటుందట. పసిపిల్లకి మొదటి అక్షరం దిద్దించినంత నిదానంగా చేసింది. ఎక్కడ నంబరుందో వెతకడం, మార్చడం, కిందికి దిగడం, కొత్త వేళ రాయడం, మూసే వేళ చేర్చడం. తరువాత ‘అయిపోయింది’ అన్నట్టు ఇంకో కీ. "ఇప్పుడు ఇదే మళ్ళీ చెయ్యి" అంటే చేసింది. అయిదు ఫైళ్ళు చేయించి, అయిదూ కళ్ళు పెట్టి చదివింది. రెండోదాంట్లో ఏదో నచ్చలేదు. అంతా చెరిపేసి, మొదటినించి మళ్ళీ నేర్పింది. దానికే మధ్యాహ్నం అయింది. మావయ్యకి లోపల గర్వంలాంటిదేదో కలిగింది, తనేదో నేర్పినట్టు. పాతికమంది కుట్టేవాళ్ళలో ఒక్కళ్ళకైనా, నచ్చని కుట్టు విప్పి మళ్ళీ వేసే ఓపిక ఉంటే గొప్ప.

భోజనాల తరువాత ఆవిడ ఎడిటరుని వదిలింది. కావాలనే నెమ్మదిగా వదిలింది, చదవడానికి వీలుగా. ఫైలు వెనక ఫైలు తెరుచుకుంటోంది, మారుతోంది, మూసుకుంటోంది. పది అయితే ఓసారి టింగ్‌మని చిన్న గంట. పెద్దక్క చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని, రెప్ప వాల్చకుండా చూస్తోంది. కిటికీలోంచి ఎండ. పైన ఫ్యాను. పొట్టి కాలి కుర్చీ కుడివైపుకి ఊయలలా వాలి ఉంది. టింగ్. కాసేపటికి మళ్ళీ టింగ్.

ముప్పై ఒక్క ఏళ్ళలో డ్యూటీలో ఆవలించడం కూడా ఎరగని గడియారం మావయ్య, స్టాప్‌వాచీ గుప్పిట్లో పట్టుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, హాయిగా నిద్రపోయాడు.

మెలకువ వచ్చేసరికి గోడ గడియారంలో రెండూ యాభై నాలుగు. ఆఖరిసారి రాసింది రెండూ నలభైకి. చుట్టూ చూశాడు, ఎవరూ ఇటు చూడ్డం లేదు. ఎదురుగా ఫైళ్ళు మారుతూనే ఉన్నాయి. గంట మాత్రం మోగడం లేదు. పెద్దక్క చేతులు ఒడిలోనే ఉన్నాయి, ఇందాక ఉన్నట్టే.

ఖాళీ గడి ఆయన్ని వెక్కిరిస్తోంది. పెన్ను తీశాడు. "2.40 నించి 2.54. చేతులు ఖాళీ. 14 నిమిషాలు" అని రాశాడు. నిద్రపోయే ముందు ఖాళీగానే ఉన్నాయి, లేచాకా ఖాళీగానే ఉన్నాయి, మధ్యలో మాత్రం ఏముంటుంది అని సర్దిచెప్పుకున్నాడు. అయినా ఆ రాత ఎందుకో మిగతా రాతలకన్నా కాస్త పెద్దగా పడ్డట్టుంది. పేజీ తిప్పేశాడు. వాచీ నొక్కాడు. క్లిక్.

టక్, అంది బొటనవేలు.

నాలుగున్నరకల్లా నాలుగు వందల పన్నెండు ఫైళ్ళూ సరిచూడ్డం ముగించి, పెద్దక్క సీసాలో నీళ్ళు తాగింది.

బుధవారం పదకొండింటికి మేనేజరు గదిలోంచి దాదాపు గెంతుతూ వచ్చాడు. "నీళ్ళ శాఖ పెద్దాయన ఫోన్ చేశాడు! వాళ్ళ ఉత్తర్వులోనే తప్పుందట. ఆసుపత్రికి వెళ్ళే లైను ఎప్పటికీ మూయకూడదట, ఆ ముక్క రాయడం మరిచిపోయారట. మనం ఉత్తర్వులో ఉన్నట్టే చేసుంటే ఇవాళ పొద్దున ఆరింటికి ఆసుపత్రిలో కుళాయిలన్నీ ఆగిపోయేవి. మనవాళ్ళెవరో చూసి ఆ ఒక్క వాల్వునీ వదిలేశారట. ఒక్కటి, నాలుగు వందల పన్నెండులో!" అంటూ టకటక వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఊరికే వస్తుందా మొదటి ర్యాంకు!"

"నేను కాదు సార్..."

"అదిగో, వినయం కూడా!"

టకటక పెద్దక్క వంక చూశాడు. పెద్దక్క వేరే ఫైలు చదువుకుంటోంది. మావయ్య నోట్‌బుక్ తిరగేశాడు. మంగళవారం పేజీలో ఆసుపత్రి లైను ఎక్కడా లేదు. పొద్దుట్నించి సాయంత్రం దాకా కళ్ళార్పకుండా చూశాడు కదా! ఆగడం, గంట కొట్టడం, చేత్తో మార్చడం, ఏదీ లేదు. వేలు పేజీ మీద కిందికి జారుతూ జారుతూ ఒకచోట ఆగిపోయింది. ఆ తరువాత ఆయన నోట్‌బుక్ మూసేసి, సాయంత్రం దాకా మళ్ళీ వెనక్కి తిప్పలేదు.

అయిదింటికి లేచి చొక్కా సర్దుకుంటుంటే, పెద్దక్క ప్రింటరు దగ్గర్నించి నాలుగు కాగితాలు తెచ్చి ఇచ్చింది.

"ఇవి మీవి అన్నయ్యా."

"ఏంటమ్మా ఇవి?"

"మీరు రాసుకుంటున్నారు కదా అని నేనూ రాసుకున్నాను. మీ వాచీ చప్పుడైనప్పుడల్లా ఓ కీ నొక్కేదాన్ని. ఎన్ని గంటలకి, అప్పుడు నేను ఏ ఫైల్లో ఏం చేస్తున్నాను, అంతా ఎడిటరే రాసిపెట్టింది. అలా రాయమని చెప్పడానికి నాలుగు లైన్లు పట్టింది, అంతే. ఎవరైనా అడిగితే మీకు సాక్ష్యం ఉండాలి కదా."

తన మీద నిఘా పెట్టినవాడికి సాక్ష్యం తయారుచేసి ఇచ్చే మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు. బస్సులో కూర్చుని చదివాడు. నూట నలభై మూడు క్లిక్కులు. నోట్‌బుక్ పక్కన పెట్టుకుని పోల్చాడు. సెకను తేడా లేదు. మంగళవారం మధ్యాహ్నం దగ్గర ఆయన చూపు నిలిచిపోయింది.

"2.41. చప్పుడు లేదు. పరిశీలకుడు ఆలోచిస్తున్నారు."

"2.47. మూసే వేళ లేని వాల్వు. ఆసుపత్రి లైను. ఎడిటరు ఆగింది. చేత్తో మార్చి, మళ్ళీ నడిపించాను."

"2.55. పరిశీలకుడు వాచీ నొక్కారు."

దిగాల్సిన స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచి ఇల్లు చేరాడు. ఎన్ని నిమిషాలు నడిచాడో చూసుకోలేదు.

గురువారం పొద్దున మేనేజరు నోట్‌బుక్ తెరిచి, పేజీలు తిప్పుతూ మొహం చిట్లించాడు. "ఇదేంటి మాస్టారూ? ‘వృథా కదలిక లేదు’, ‘తడుములాట లేదు’, ‘ఇలాంటి చేతులు నేను చూడలేదు’... మూడు రోజుల్లో ఆవిడ మిమ్మల్ని కూడా బుట్టలో వేసేసిందా? మెషీను సున్నా అంటుంటే మీరు పొగడ్త రాస్తే పైవాళ్ళు నన్ను చూసి నవ్వరా?" ఇంకో పేజీ తిప్పాడు. మొహం విప్పారింది. "ఆఁ, ఇదిగో! ‘చేతులు ఖాళీ. 14 నిమిషాలు.’ ఏకబిగిన పద్నాలుగు! ఇది చాలు. మిగతాది ఎవరూ చదవరు. ఈ పేజీ ఒక్కటీ కాపీ తీసి పైకి పంపేద్దాం."

మావయ్య చెయ్యి చాచాడు. "ఆ నోట్‌బుక్ ఇలా ఇవ్వండి సార్."

పెన్ను తీసి, ఆ వరస మీద అడ్డంగా గీత కొట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటి కొట్టివేత. గీత వంకర పోయింది.

"అదేంటి? మీరే కదా రాశారు!"

"రాశాను. చూసి రాయలేదు." జేబులోంచి నాలుగు కాగితాలు తీసి, మడతలు విప్పి బల్ల మీద పరిచాడు. వేలు పెట్టి చూపించాడు. "ఇది ఆవిడ ఎడిటరు రాసిన కాగితం. నా వాచీతో ప్రతి క్లిక్కూ సరిపోతుంది, పోల్చుకోండి. రెండూ నలభై ఏడుకి ఆసుపత్రి లైను పట్టుకుంది ఆవిడ. టకటక నిన్ననే చెప్పబోయాడు, మీరు వినిపించుకోలేదు. అప్పుడు నేను ఆవిడ వెనకే ఉన్నాను. నిద్రపోతూ ఉన్నాను."

మేనేజరు కాగితం దగ్గరికి లాక్కుని చదివాడు. "నిద్రా? ఇక్కడ ‘ఆలోచిస్తున్నారు’ అని ఉందే?"

"అదే సార్ నేను చెప్పేది. నేను నిద్రపోతే ఆవిడ ఆలోచన అని రాసింది. ఆవిడ ఆలోచిస్తుంటే మీ మెషీను నిద్ర అని రాసింది. నేనూ అదే రాశాను, కళ్ళు మూసుకుని." ఆయన పెన్ను మేనేజరు వైపు తోశాడు. "ఏడు పేర్ల కింద ఎనిమిదోది కావాలంటే నాది రాసుకోండి. ఆవిడది మాత్రం నా కాగితం మీద పోదు."

కుర్చీ అంచున కూర్చునే మేనేజరు, మొదటిసారి వెనక్కి జారగిలబడి, ఆ నాలుగు కాగితాలూ మొదటినించి చివరిదాకా చదివాడు. చేతులు ఒడిలోనే ఉన్నాయి. గది మూల ఆయన కంప్యూటరులో లెక్కల మెషీను తన పని తను చేసుకుపోతూ, ఆయన పేరు పక్కన కూడా ఒక్కో నిమిషమూ ఖాళీ అని కలుపుకుంటూ ఉండి ఉంటుంది.

లేచి, తలుపు తీసుకుని, మూల కుర్చీ దాకా నడిచాడు. వెనకే మావయ్య.

"ఆసుపత్రి లైను మీరేనా?"

"ఎడిటరు ఆగింది సార్. ఎందుకాగిందా అని నేను చూశాను," అంది పెద్దక్క.

"నేనని ఎవరన్నారు!" అన్నాడు టకటక, నిన్నటి బరువు ఒక్కసారి దింపుకున్నట్టు.

మేనేజరు చేతిలో జాబితా ఉంది. పెద్దక్క బల్ల మీదే పెట్టి, మొదటి పేరు కొట్టేశాడు. కాసేపాగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "మిగతా ఆరుగుర్నీ కూడా మీరే చూడండి మాస్టారూ. మెషీను ఏం చెప్పిందో మీకు చెప్పను. మీరు చూసింది రాయండి." వెళ్ళబోతూ ఆగాడు. "కూర్చోడానికి ఆ కుర్చీ కాకుండా ఇంకోటి చూపిస్తాను. ఈ కుర్చీలో... ఆలోచనలు ఎక్కువొచ్చేట్టున్నాయి."

ఆయన వెళ్ళాక మావయ్య నిలబడిపోయాడు. నోట్‌బుక్ అటూ ఇటూ తిప్పాడు. సాయంత్రం రెండు వీధుల ముందే దిగాలని, గుండీల పిన్ని తలుపు తట్టి, లోపలికి రానిచ్చినా రానివ్వకపోయినా అక్కడ చెప్పాల్సింది చెప్పాలని మాత్రం గట్టిగా అనుకున్నాడు.

"అమ్మా, మంగళవారం నేను లేచేసరికి గంట మోగడం లేదు. ఎందుకో అడగలేదు."

"అడిగితే చెప్పేదాన్ని."

ఆవిడ రెండు వేళ్ళు ఎక్కడో తాకించింది. సెట్టింగుల ఫైలు వచ్చి, తిన్నగా ఆఖరి వరస దగ్గర ఆగింది. పైన మంగళవారం తారీఖు, రెండూ నలభై ఒకటి. కింద ఒక్కటే ముక్క:

"అన్నయ్య నిద్రపోతున్నారు. గంట వద్దు, రంగు మారితే చాలు. నేను చూసుకుంటాను."

మావయ్య రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మొదటిసారి, చేతుల మీదనించి చూపు ఎత్తి ఆవిడ మొహం చూశాడు. కిటికీ వెలుగులో కళ్ళ కింద ముడతలు, పెదవి చివర దాచుకున్న నవ్వు.

"ఆ లైను తీసెయ్యండమ్మా. ఇంక నిద్రపోను."

"ఉండనివ్వండి అన్నయ్యా. నా ఫైల్లో పెట్టింది ఏదీ తియ్యను."

రెండో పేరు మనిషి గది అవతలి చివర కూర్చుంటాడు. మావయ్య అటు నడిచాడు. మంచి కుర్చీ, నాలుగు కాళ్ళూ సమానం. నిటారుగా కూర్చుని, కొత్త పేజీ తెరిచి, వాచీ నొక్కాడు. క్లిక్.

అంత దూరంనించి, ఫ్యాన్ల హోరు దాటుకుని, కిటికీ మూలనించి చిన్నగా వినిపించింది.

టక్.